ఎడమ రెక్క కింద

తాళ్ళ కొట్టు మేడ, రేవు వీధి
మార్చి 3

బుడగకి,

అన్నయ్య రాసేది. నా రాత కోడి గీకినట్టుందని నవ్వకు. నాకు అక్షరాలు వచ్చింది ఓడల పక్కన రాసిన పేర్లు చూసి. ఓడ మీద అక్షరం మనిషంత ఉంటుంది. అందుకే నావి కాగితంలో పట్టవు.

ఆరేళ్ళుగా నీకు ఒక్క ముక్క రాయలేదు. నువ్వు రాసినవన్నీ అందాయి. అన్నీ చదివాను. జవాబు రాయకపోవడం మరిచిపోయి కాదు. కోపమొచ్చి. ఎందుకొచ్చిందో నువ్వే తెలుసుకుంటావని చూశాను. చూసి చూసి నా కళ్ళు కాయలు కాశాయి గానీ నీకు తట్టలేదు. ఇప్పుడు విను.

నువ్వు రాసిన పుస్తకం అచ్చయి రాగానే నాకు పంపావు. బల్ల చుట్టూ కూర్చుని వేషాలు కట్టి ఆడే ఆటల్లోకి పనికొచ్చే వింత జంతువుల పుస్తకం. అందులో మన డ్రాగన్ ఉంది. తీరపు డ్రాగన్. ఆ పేజీ వేలు పెట్టి చదువుకున్నాను. నీ చిన్నప్పుడు ఓడ కూత విని నువ్వు దుప్పట్లో దూరి ఏడిస్తే, అది ఓడ కాదే, డ్రాగన్ ఆవలిస్తోంది అని నేను కల్పించి చెప్పిందే అది. లోతులో ఉండదు, నేల మీదా ఉండదు, అల వచ్చిపోయే మేరలోనే ఉంటుంది అన్నాను. రాశావు. నిప్పు కక్కదు, పొగమంచు ఊదుతుంది అన్నాను. రాశావు. తోక నీళ్ళలో పెట్టి పడుకుంటుంది, పోటు ఎప్పుడొస్తుందో తోకకి తెలుస్తుంది అన్నాను. అదీ రాశావు. కింద కొట్టాయన్ని కేకేసి పిలిచి చూపించాను. "ఇదంతా నేను చెప్పిందే" అన్నాను. "అయితే నీ పేరేదీ?" అన్నాడు. "నోర్మూసుకుని చదువు" అన్నాను. అంత పొంగిపోయాను ఆ రోజు.

ఆఖరి వరుస దాకా వచ్చాను. "బలహీనత: ఎడమ రెక్క కింద పొలుసులు లేవు. ఆయుధం దిగేది అక్కడే."

అది నేను చెప్పలేదు. నువ్వు పెట్టావు. అక్కడే ఎందుకు పెట్టావో నాకు తెలుసు, నీకూ తెలుసు. మనిషికి ఎక్కడ నొప్పో చూసి అక్కడే వేలు పెట్టడం ఏ తల్లి నేర్పింది నీకు? మన తల్లి కాదు.

పుస్తకం మూసేసి, కిటికీ తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది. వానకి సగం తడిసింది.

మొన్న రేవు క్యాంటీన్లో క్రేను వాళ్ళు నీ ఆటే ఆడుతున్నారు. ఒకడు లేచి "ఎడమ రెక్క కింద!" అని అరిచాడు. అందరూ చప్పట్లు. డ్రాగన్ చచ్చింది. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అక్కడే పొడిచారు. నేను టీ వదిలేసి లేచి వచ్చేశాను.

నీ పుస్తకం మళ్ళీ అచ్చవుతోందని వాళ్ళే చెప్పారు. ఆ వరుస తీసెయ్. ఇంకేమీ అడగను.

అన్నయ్య


ఆటల కొట్టు, వెనక గది
మార్చి 12

అన్నయ్యా,

ఆరేళ్ళకి నీ ఉత్తరం వస్తే తిట్లయినా తియ్యగానే ఉన్నాయి. కొట్టు తలుపేసుకుని మరీ చదివాను. పాచికలు కొనడానికి ఎవరో వచ్చి తలుపు కొడుతుంటే "నేను లేను" అని లోపల్నుంచి అరిచాను.

ఆ వరుస మాత్రం తీయను.

కోప్పడకముందు కాస్త విను. ఈ ఆటలో ప్రతి జంతువుకీ ఒక బలహీనత ఉండాలి. లేకపోతే ఆడేవాళ్ళకి ఆశ ఉండదు, ఆట నడవదు. అది నియమం. మరి అక్కడే ఎందుకు పెట్టానంటే... నీకు తెలుసంటున్నావు. నిజంగా తెలిసినవాడివైతే ఆ పేజీ చదివి నవ్వుతావనుకున్నాను. ఆ నవ్వు కోసం ఆరేళ్ళు ఎదురుచూశాను. నాకూ కొంచెం పొగరుంది అన్నయ్యా, నీ దగ్గరే నేర్చుకున్నాను. కాబట్టి నేనూ చెప్పను.

ఒక పని చేద్దాం. మా కొట్టు వెనక గదిలో నెలనెలా ముగ్గురొస్తారు. బస్సు డ్రైవరు, కుట్టుమిషను ఆవిడ, పళ్ళ డాక్టరు. తలా ఒక వేషం. బస్సు డ్రైవరు పడవ నడిపేవాడు, కుట్టుమిషను ఆవిడ దొంగ, పళ్ళ డాక్టరు ఈటె వీరుడు. కథ నేను నడుపుతాను. చుట్టూ ఏముందో నేను చెప్తే, ఏం చేస్తారో వాళ్ళు చెప్తారు. జరుగుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక చెప్తుంది. పెద్ద అంకె పడితే పని అవుతుంది, చిన్నది పడితే చెడుతుంది. అంతే ఆట.

ఈసారి వాళ్ళు తీరపు డ్రాగన్ దగ్గరికి వస్తున్నారు. చంపడానికి. దాని వేషం నువ్వు కట్టు. నేను జరిగింది రాస్తాను, డ్రాగన్ ఏం చేస్తుందో నువ్వు రాయి. నీ మాటే బల్ల మీద చదువుతాను, నీ బదులు పాచిక నేను వేస్తాను. మోసం చెయ్యను. డ్రాగన్ బతికి బయటపడితే ఆ వరుస నీ ఇష్టం, తీసేస్తావో మారుస్తావో. చచ్చిందా, వరుస అలాగే అచ్చవుతుంది. అచ్చాఫీసు వాళ్ళకి జులైలో ఇవ్వాలి.

ఇదీ మొదటి సంగతి: సాయంత్రం, నీళ్ళు వెనక్కి తీసే ఆటు వేళ. నది సముద్రంలో కలిసే చోట డ్రాగన్ ఉంది. ముగ్గురూ అద్దె పడవలో వచ్చి ఒడ్డున ఉన్న మొద్దుకి పడవ కట్టారు. డ్రాగన్ ఏం చేస్తుంది?

నీ బుడగ


తాళ్ళ కొట్టు మేడ
మార్చి 24

బుడగకి,

పందెం కడతావా నాతో? సరే. ఒప్పుకున్నా.

వేషాలు కట్టే వయసా మీది? పళ్ళ డాక్టరట, ఈటె పట్టుకుంటాడట. రోజంతా పట్టకారుతో పీకింది చాల్లేదా ఆయనకి?

ముందు నీ తప్పు దిద్దుకో. ఆటు వేళ డ్రాగన్ నది కలిసే చోట ఉండదు. బురద ముక్కులో పడుతుంది. గాలి తగలని వైపు రాతి చాటున ఉంటుంది. పుస్తకం రాసినదానివి, ఆ మాత్రం తెలియదా?

పడవ మీద పడదు. పడవ రుచి ఎప్పుడైనా చూశావా? తారు. తారు తినే పిచ్చి దానికి లేదు. అసలు అది కరిచే రకం కాదు. ఒరిగే రకం. భుజం ఆనించి ఒరుగుతుంది, ఎంత పెద్ద ఓడయినా కదులుతుంది. నేను ముప్పై ఏళ్ళు టగ్గు పడవ మీద చేసింది అదే. పెద్ద ఓడకి వేగముంటుంది గానీ రేవులో మలుపు తిరగడం రాదు. చిన్న టగ్గు వెళ్ళి భుజం పెట్టి నెట్టాలి. డ్రాగనూ అంతే.

వాళ్ళు నిద్రపోయాక వచ్చి ముడి చూస్తుంది. ముడి చూసి మనిషిని పోల్చుకుంటుంది అది. మీ బస్సు డ్రైవరు పడవని బూటు లేసు కట్టినట్టు కట్టి ఉంటాడు, చూడకుండానే చెప్తున్నా. ఆ ముడి పోటు వస్తే నిలవదు. డ్రాగన్ కాసేపు విసుక్కుంటుంది. తర్వాత పళ్ళతో ఊడదీసి సరిగ్గా కట్టి పోతుంది. ఎవరికీ చెప్పదు. చెడ్డ ముడి చూసి ఊరుకోలేకపోవడం దాని జబ్బు.

ఇంకొకటి. అది గర్వం మనిషి. మనిషి కాదనుకో. థాంక్స్ చెప్తే చిరాకు, చెప్పకపోతే ఇంకా చిరాకు. రాసుకో.

అన్నయ్య


ఆటల కొట్టు, వెనక గది
ఏప్రిల్ 15

అన్నయ్యా,

నీ ఉత్తరం ఉన్నది ఉన్నట్టు చదివాను. పట్టకారు ముక్కతో సహా. పళ్ళ డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి, మిగతా ఇద్దరూ బల్ల కొట్టి నవ్వారు.

పళ్ళతో ముడి కట్టడం తేలిక కాదు కాబట్టి పాచిక వేశాను. పదిహేడు పడింది. తెల్లారింది. బస్సు డ్రైవరు వెళ్ళి చూశాడు.

"ముడి నేనేసిందే కదా, ఎవరు మార్చారు?"

"నీ ముడి చూసి జాలేసి ఉంటుంది పాపం" అంది కుట్టుమిషను ఆవిడ.

"జాలీ లేదు గీలీ లేదు" అన్నాడు పళ్ళ డాక్టరు. "ఇదేదో ఎత్తు. ఈ ఈటె సంపాదించడానికి నేను ఎంతకాలం ఆడానో తెలుసా? దీని పని పట్టేదాకా ఊరుకునేది లేదు. ఎడమ రెక్క కింద. నాకు పేజీతో సహా నోటికొచ్చు."

"తాళ్ళు కట్టిపెట్టే జంతువుని పొడుస్తావా?"

"ఆటే అది కదమ్మా!"

చాలాసేపు గొడవపడ్డారు. ఎప్పుడూ మొదటి పది నిమిషాల్లోనే కత్తులు దూసేవాళ్ళు, ఈసారి ఆట మొత్తం ముడి గురించే నడిచింది. చివరికి దొంగ వేషం ఆవిడ రాళ్ళ మధ్య గుహ కనిపెట్టింది. ముగ్గురూ లోపలికి వెళ్ళారు. డ్రాగన్ దగ్గర నిధి ఉంటుందని లోకమంతా అంటుంది. నా పుస్తకంలో నిధి గురించి రాయలేదు, నువ్వు చిన్నప్పుడు చెప్పలేదు కాబట్టి. గుహలో ఏముంది?

మెట్ల మీద జారి దెబ్బ తగిలిందని ఎప్పుడో రాశావు, పుస్తకానికి ముందు. ఆ భుజం ఇప్పుడెలా ఉంది?

నీ బుడగ


తాళ్ళ కొట్టు మేడ
ఏప్రిల్ 29

బుడగకి,

గుహలో బంగారం లేదు. బంగారం ఉప్పునీళ్ళలో ఏం చేసుకుంటుంది? తెగిన మోకు ముక్కలుంటాయి. అది లాగిన ప్రతి ఓడదీ ఒక ముక్క. వరసగా గోడకి ఆనించి ఉంటాయి. ఏ ముక్క ఏ ఓడదో దానికి తెలుసు. అడిగితే చెప్తుంది, అడగాలి మరి. విరిగిన లంగరు ఒకటి, పగిలిన దీపం ఒకటి ఉంటాయి, అవి అందానికి. దొంగ వేషం ఆవిడని ఏమీ పట్టుకుపోవద్దని చెప్పు. పట్టుకుపోతే డ్రాగన్ వెంటపడదు, అలుగుతుంది. అది అలిగితే పొగమంచు వారం దాకా తెరిపివ్వదు.

పళ్ళ డాక్టరుకి నోటికొచ్చట! ఆయన నోట్లో చెయ్యి పెట్టేవాళ్ళు లేక.

మెట్లు అంటావేంటి. తెలియనట్టు. మెట్ల మీద జారానని నీకు అబద్ధం రాశాను, నువ్వు పరిగెత్తుకొస్తావని. రేవులో ఎవరో ఒకరు అసలు సంగతి నీకు చెప్పే ఉంటారు. లేకపోతే ఆ వరుస ఎక్కడినుంచి వస్తుంది?

సరే, నా నోటితోనే విను. కలప ఓడని లాగుతున్నాం. గాలి ఎదురు. మోకు బిగిసి వీణ తీగలా పాడుతోంది. ఆ పాట వింటే అర్థం, తెగబోతోందని. డెక్కు మీద నలుగురున్నారు, వాళ్ళకి వినబడదు. కుడిచేత్తో చుక్కాని పట్టుకున్నాను, ఎడమ చెయ్యెత్తి కూత తాడు లాగాను. కూత విని నలుగురూ బోర్లా పడ్డారు. మోకు తెగి వెనక్కి వచ్చి, కిటికీ అద్దం పగలగొట్టుకుని, ఎత్తిన చెయ్యి కింద కొట్టింది. చంక నుంచి పక్కటెముకల దాకా తోలు ఊడింది. అక్కడ ఇప్పటికీ నున్నగా ఉంటుంది, వెంట్రుక కూడా మొలవదు.

వాళ్ళు నలుగురూ బాగున్నారు. నన్ను చుక్కాని దగ్గర్నుంచి తీసేశారు. ఆ చెయ్యి భుజం కంటే పైకి లేవదని. అప్పట్నుంచీ కొట్టాయన దగ్గర మోకులు అల్లుతున్నాను. నా పని అయిపోయిన చోటు అది, బుడగా. అక్కడే పొడవమని లోకానికి అచ్చేసి పంచావు నువ్వు.

ఇక అడగకు.

అన్నయ్య


ఆటల కొట్టు, వెనక గది
మే 20

అన్నయ్యా,

నువ్వు మోకు గురించి రాసింది చదివాను. దానికి జవాబు ఉంది. ఇప్పుడు రాయను. రాస్తే నీ ఆట మారిపోతుంది, పందెం చెడుతుంది. నన్ను తిట్టుకో, కొంచెం ఓపిక పట్టు. ఈ ఉత్తరం రాయడానికి నాలుగు కాగితాలు చింపాను, అంతే చెప్తాను.

గుహ సంగతి. కుట్టుమిషను ఆవిడ మోకు ముక్కలు చూసి, "ఇవి ఎవరివో అడగొచ్చా?" అంది. అడిగితే చెప్తుందని నువ్వు రాశావు కాబట్టి డ్రాగన్ చేత చెప్పించాను. ఒక్కో ముక్కకీ ఒక ఓడ. పేర్లు మన చిన్నప్పటివి, నువ్వు అక్షరాలు నేర్చుకున్న ఓడలవి. బస్సు డ్రైవరు తన పడవ తాడు చివర కోసి గోడకి ఆనించాడు. "మాదీ ఒకటి ఉండనీ" అన్నాడు. ఎవరూ చెయ్యమనలేదు.

పళ్ళ డాక్టరు మాత్రం మెత్తబడలేదు. ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది, నేనే తెచ్చాను. గాలివాన మొదలైంది. బస్సు డ్రైవరూ కుట్టుమిషను ఆవిడా పడవలో ఉన్నారు, తాడు కట్టిన మొద్దే ఊడింది, పడవ రాళ్ళ మీదికి కొట్టుకుపోతోంది. పళ్ళ డాక్టరు ఈటెతో రాతి అంచున, డ్రాగన్ ఎడమ పక్కనే ఉన్నాడు. డ్రాగన్ పడవని లాగాలంటే ఎడమ రెక్క ఎత్తాలి. ఎత్తితే పొలుసుల్లేని చోటు ఆయన ఈటెకి ఎదురుగా. రెక్క ముడుచుకుని కూర్చుంటే డ్రాగన్‌కి ఏమీ కాదు, పడవ పోతుంది. తెగించి పళ్ళ డాక్టరునే రెక్కతో అదిమేయొచ్చు కూడా.

ఏం చేస్తుంది? బాగా ఆలోచించి రాయి. దీని తర్వాత పాచికే.

ఇంకొకటి. నీ మొదటి ఉత్తరంలో వరసలు తిన్నగా ఉన్నాయి. పోయిన ఉత్తరంలో ప్రతి వరసా కిందికి జారుతోంది. నువ్వు ఎడమచేత్తో రాస్తావు. భుజం ఎలా ఉంది అని ఇంకోసారి అడుగుతున్నాను.

నీ బుడగ


తాళ్ళ కొట్టు మేడ
మే 27

బుడగకి,

బాగా ఆలోచించి రాయమన్నావు. ఇందులో ఆలోచించడానికేముంది? లాగడం తెలియనివాళ్ళు అడిగే ప్రశ్న ఇది. రెక్క ఎత్తకుండా లాగడం ఎలా? పడవ రాళ్ళ మీదికి పోతుంటే ముడుచుకుని కూర్చునేదానికి డ్రాగన్ అని పేరెందుకు, తాబేలు అను.

ఎత్తుతుంది. పూర్తిగా ఎత్తుతుంది. సగం ఎత్తితే పట్టు చాలదు.

పళ్ళ డాక్టరుని అదమదు. ఆయనకి నా మాటగా చెప్పు. పొడవాలనుకుంటే పొడవమను, ఆయన ఇష్టం. కానీ ముందు నడుముకి తాడు కట్టుకుని పొడవమను. గాలివానలో రాతి అంచు జారుడుగా ఉంటుంది, ఈటె విసురుకి తూలి నీళ్ళలో పడతాడు. పడితే తీయడానికి అప్పటికి డ్రాగన్ ఉండదు కదా. ముడి బూటు లేసు ముడి కాకూడదు.

ఇది రాస్తే పందెం ఓడిపోతానని తెలుసు. కొట్టాయన కూడా అన్నాడు, "అదేం పని, ఒక్క దెబ్బకి ఆ డాక్టర్ని నీళ్ళలోకి తోసేసి తర్వాత పడవ లాగు" అని. "ఆ కాస్త ఆలస్యానికి పడవ బద్దలవుతుంది, నీకు తాళ్ళు అమ్మడమే తెలుసు" అన్నాను. అలిగి మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు.

ఆ వరుస అచ్చేసుకో. నీ పుస్తకం, నీ ఇష్టం. డ్రాగన్ ఎలాంటిదో మాత్రం తప్పు రాయించకు నా చేత.

భుజం భుజంలా ఉంది.

అన్నయ్య


ఆటల కొట్టు, వెనక గది
జూన్ 18

అన్నయ్యా,

నీ ఉత్తరం చదవడం పూర్తి చేసి పాచిక పళ్ళ డాక్టరు ముందు పెట్టాను. పొడుస్తారా అని అడిగాను. ఆయన దాన్ని గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు.

చివరికి ఆయన నన్నడిగాడు. "అసలు అక్కడ పొలుసులెందుకు లేవండీ?"

ఇన్నేళ్ళలో ఎంతమంది ఆ పేజీ చదివారు, ఎంతమంది అక్కడ పొడిచారు. ఎందుకు లేవని ఎవరూ అడగలేదు. నువ్వు కూడా అడగలేదు. నీకు తెలుసనుకున్నావు. నీకు తెలుసని నేనూ అనుకున్నాను.

వాళ్ళకి చెప్పిందే నీకూ రాస్తున్నాను.

మన అమ్మ చేపల షెడ్డులో రాత్రి పని చేసే రోజుల్లో నన్ను ఎక్కడ వదలాలో తెలియక నువ్వు టగ్గులోకి తీసుకుపోయేవాడివి. నాకు నాలుగేళ్ళు. నువ్వు కుడిచేత్తో చుక్కాని తిప్పేవాడివి. ఎడమచేతి కింద, నీ కోటు లోపల నేను. అక్కడ వెచ్చగా ఉండేది, డీజిలు వాసన, ఓడ కూసినప్పుడల్లా నీ పక్కటెముకల్లోంచి నాకు వినబడేది. డ్రాగన్ కథ నేను మళ్ళీ మళ్ళీ విన్నది అక్కడ. పుస్తకం రాసేటప్పుడు అనిపించింది, పిల్లలు పడుకుని పడుకుని అక్కడ పొలుసులు అరిగిపోయి ఉంటాయని. లోకం దృష్టిలో అది బలహీనత, అందుకని ఆ గడిలో రాశాను. కారణం రాయలేదు. నీకొక్కడికే తెలియాలని. నవ్వుతావని.

మోకు సంగతి నాకు తెలియదు. మీ రేవులో ఎవరూ చెప్పలేదు. మెట్ల మీద జారానన్నావు, నమ్మాను. నీ ఏప్రిల్ ఉత్తరం చదివిన రోజు కొట్టు తెరవలేదు.

ఇక ఆట. నేను చెప్పడం ఆపాక పళ్ళ డాక్టరు పాచిక బల్ల మీద పెట్టేశాడు, వేయకుండా. "నా ఈటె వీరుడు తాడు కట్టుకున్నాడు" అన్నాడు. "సరైన ముడే. ఇప్పుడు ఈటె కింద పడేశాడు."

డ్రాగన్ లాగాలి కదా, నీ బదులు నేను వేశాను. రెండు పడింది. మోసం చెయ్యనన్నాను కాబట్టి దాచలేదు. రెండుకి మోకు తెగుతుంది, పడవ పోతుంది. బస్సు డ్రైవరు తల పట్టుకున్నాడు.

"ఆగండాగండి" అన్నాడు పళ్ళ డాక్టరు. "నా వాడు రెక్క కిందే ఉన్నాడు కదా. వాడు భుజం పెట్టి మోకు పట్టుకున్నాడు. నాదీ కలపండి." వేశాడు. పంతొమ్మిది.

అందరం లేచి నిలబడ్డాం. పక్క కొట్టువాళ్ళు గొడవేమో అని తొంగిచూశారు. పడవ ఒడ్డుకి వచ్చింది. డ్రాగన్ బతికింది అన్నయ్యా. పళ్ళ డాక్టరు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "థాంక్స్ చెప్తే చిరాకన్నారు కదా, చెప్పకపోతే ఇంకా చిరాకు. ఏం చెయ్యమంటారో ఆయన్నే అడిగి రాయండి" అన్నాడు.

పందెం నువ్వు గెలిచావు. ఆ వరుస తీసేస్తావో మారుస్తావో, నీ మాటలతో రాసి పంపు. జులై పదో తారీకుకి అందేలా చూడు.

భుజం భుజంలా ఉంది అని రాసిన ఆ వరస అన్నిటికంటే కిందికి జారింది. ఇక దాచకు.

నీ బుడగ


తాళ్ళ కొట్టు మేడ, రేవు వీధి
జులై 2

బుడగకి,

ఇది కుడిచేత్తో రాస్తున్నా. అందుకే ఇంత ఆలస్యం, ఇంత అధ్వాన్నం. కొట్టాయన "నేను రాసిపెడతా చెప్పు" అన్నాడు. "నా చెల్లికి నువ్వెందుకు రాస్తావు" అన్నాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి కొట్టాయన చేత చదివించుకున్నాను, నేను తప్పు చదివానేమో అని. ఆయన మధ్యలో ఆగి ముక్కు చీదుకున్నాడు. "జలుబా?" అన్నాను. "నీకూ జలుబేగా" అన్నాడు.

కోటు సంగతి నేను మరిచిపోయాను. నిజంగా మరిచిపోయాను. నువ్వు చొంగ కార్చేదానివి, అది గుర్తుంది. చొక్కా ఆ పక్కన ఎప్పుడూ తడే. ఇన్నేళ్ళూ ఆ చోటు అనగానే నాకు మోకు ఒక్కటే గుర్తొచ్చేది. అక్కడ నువ్వు కూడా ఉన్నావని నాకు తట్టలేదు.

నన్ను అడగకుండా నువ్వు, నిన్ను అడగకుండా నేను. ఎవరికి ఎవరం తీసిపోయాం చెప్పు.

పుస్తకం కిటికీ దగ్గర్నుంచి తీశాను. మధ్య పేజీలు అతుక్కుపోయాయి. మన పేజీ బాగానే ఉంది. తలుపుకి ఇప్పుడు చెక్క ముక్క పెట్టాను.

వరుస ఇదీ. కామా కూడా మార్చకు.

"ఎడమ రెక్క కింద పొలుసులు లేవు. పిల్లలు పడుకునే చోటు అది. పొడిచేవాడు ముందు తాడు కట్టుకోవాలి."

బలహీనత అన్న మాట ఉంచు. నియమం అన్నావుగా. ఉండనీ.

పళ్ళ డాక్టరుకి చెప్పు, థాంక్స్ వద్దు, పంతొమ్మిది వేశాడు, అది చాలు. పట్టకారు మాట వెనక్కి తీసుకోను. అది బాగుంది.

ఇప్పుడు భుజం. దాచనులే. శీతాకాలం నుంచీ చెయ్యి మొద్దుబారుతోంది. మోకు అల్లుతుంటే వేళ్ళు నా మాట వినడం మానేశాయి. రేవు ఆసుపత్రికి వెళ్ళాను. అప్పటి దెబ్బ లోపల నరాన్ని పట్టుకుని బిగిసిందట, కోసి విడదీయాలట. కోస్తే చెయ్యి తిరిగి రావచ్చు. వదిలేస్తే ఏడాదిలో పూర్తిగా చచ్చుబడుతుందట. కోయించుకోను అన్నాను. డాక్టరమ్మ నాకంటే మొండిది. "ఎందుకు కోయించుకోరు?" అంది. చెప్పలేదు. నీకు చెప్తున్నా. ఆ చోటు ఎవరికీ చూపించడం నాకిష్టం లేదు. స్నానానికి కూడా తలుపు గడియ పెట్టుకుంటాను, ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నా.

మొన్న వెళ్ళి సరే అన్నాను. జులై ఇరవై రెండున కోస్తారు. "పక్కన ఎవరుంటారు?" అని అడిగింది. ప్రతిసారీ ఎవరూ లేరనేవాణ్ణి. ఈసారి "చెల్లి ఉంది" అన్నాను. నోటికొచ్చేసింది. ఆమె రాసేసుకుంది.

ఇప్పుడు నువ్వు రాకపోతే ఆవిడ ముందు నేను అబద్ధాలకోరునవుతాను. అది నాకు పనికిరాదు.

బతిమాలుతున్నానని అనుకోకు. అడుగుతున్నాను. కొట్టు మూసి నాలుగు రోజులు రాగలవా? నా గదిలో మంచం ఒకటే, అది నీకు, నేను ఎలాగూ ఆసుపత్రిలో ఉంటాను. కిటికీలోంచి రేవంతా కనిపిస్తుంది. ఓడలు ఇప్పటికీ కూస్తాయి. పాచికలు తీసుకురా, కుడిచేత్తో వేస్తాను. కొట్టాయన కూడా ఏదో వేషం కడతాడట. గొర్రె వేషం ఇద్దాం.

వస్తావా, రావా. పద్దెనిమిదో తారీకు లోపల జవాబు నా చేతికి అందాలి. పంతొమ్మిది ఉదయానికి అందలేదంటే, ఉన్న ఒక్క చేత్తో బస్సెక్కి వచ్చి నీ కొట్టు గుమ్మంలో కూర్చుంటాను, నువ్వు "నేను లేను" అని లోపల్నుంచి ఎంత అరిచినా లేవను. ఎక్కువ రాయక్కర్లేదు. ఒక్క మాట చాలు. పద్దెనిమిది. గుర్తుంచుకో.

అన్నయ్య